తలుపు మీది పేరు

పదకొండేళ్ళలో ఇది అయిదో పేరు.
నెబ్రాస్కా చలిలో వేళ్ళు ఊదుకుంటూ
కోచ్ గది తలుపు మీద
పాత అక్షరాలు గీకుతున్నాడు ఆర్విల్ హ్రుస్కా,
స్టేడియం రంగులవాడు.
మొదటి అక్షరం ఇట్టే ఊడొచ్చింది.
చివరిది మొండికేసింది.

పైఅంతస్తులో కమిటీ.
పశువుల దాణా అమ్మి గడించిన దాత,
చరిత్ర చెప్పే ప్రొఫెసరమ్మ,
టై వదులు చేసుకున్న డైరెక్టరు.
మూడు రోజులుగా కాఫీ పైకి వెళుతోంది,
ఖాళీ కప్పులు కిందికొస్తున్నాయి.
పేరు మాత్రం దిగడం లేదు.

ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరో.
మంగలి ఒకరంటాడు, పెట్రోలు బంకు ఇంకొకరంటుంది.
నిన్న చిన్న విమానం దిగిందట,
దిగినవాడు టోపీ తీయలేదట.
ఆ టోపీ కింద ఊరు ఎన్ని ముఖాలు అతికించిందో!

హెల్మెట్ల వరస ముందు
పందొమ్మిదేళ్ళ టెవిటా, నూట నలభై కిలోల పసివాడు,
బూటు లేసు ముడేస్తాడు, విప్పుతాడు.
వాళ్ళమ్మ వంటింట్లో రెండుసార్లు వడ్డించుకు తిని
"ఇక వీడు నా బిడ్డ" అన్న మనిషి
మొన్న మంగళవారం టీవీలో
వేరే రంగు చొక్కాలో నవ్వాడు.

ఆర్విల్‌ని ఎవరూ అడగలేదు.
అడిగితే చెప్పేవాడే:
నలభై పాయింట్లతో ఓడిన రాత్రి
వానలో నిలబడి, బస్సెక్కే పిల్లల్ని
ఒక్కొక్కర్నీ లెక్కపెట్టుకున్న ఆ అసిస్టెంటు గురించి.

నాలుగింటికి ఫోను.
స్పెల్లింగు రెండుసార్లు చెప్పించుకున్నాడు.
ఆ అసిస్టెంటు కాదు.
పెన్సిల్‌తో గీత గీసి
ఊపిరి బిగబట్టాడు.

ఈసారి రంగు
కాస్త పల్చగానే కలిపాడు.