చుక్క తర్వాత మూడంకెలు

ఈ దేశంలో రియాల్‌కు వెయ్యి బైసాలు.
ధర రాస్తే చుక్క తర్వాత మూడంకెలు పడాల్సిందే.
సోహార్‌లో దిగిన కొత్తలో
ఆ మూడో అంకెను నేను లెక్కచెయ్యలేదు.
పెట్టెలు మోసేవాణ్ని, నాకెందుకది?

స్టోర్‌కీపర్ కురువిళ కళ్లద్దాలు ముక్కు మీదికి దించి
"మోసేది నువ్వే కదా, ఏం మోస్తున్నావో చదువు" అన్నాడు.
అట్లా తెలిసింది
బోల్టుకీ స్టడ్‌కీ తేడా,
గ్యాస్కెట్ల మందం,
బిన్ కార్డు మీద ఏదైనా కొట్టేస్తే
పక్కన సంతకం పెట్టాలని.

ఎనిమిది మంచాల గదిలో
దుప్పటి ముసుగు కింద ఫోన్ వెలుతురుతో
పర్చేజింగ్ పరీక్షకు చదువుతుంటే
పై మంచం మీది ఎంకటి నవ్వేవాడు:
"కొనుడు గూడ చదువేనారా?
అంగట్ల బీరకాయ గిల్లి చూసుడు
మా అవ్వకు ఎవడు నేర్పిండు?"

నిజమే.
కొనేవాడి చెయ్యి నేను మొదట చూసింది
మెట్‌పల్లి బీడీ కార్ఖానాలో.
అక్క చుట్టిన కట్టల్లోంచి
చాటన్ చేసేవాడు గుప్పెడు తీసి పక్కన పడేసేవాడు
ఎందుకో చెప్పకుండా,
ఆమె ముఖం వైపు చూడకుండా.

ఇంటర్వ్యూలో అడిగారు, ఖర్చు ఎట్లా తగ్గిస్తావని.
పిరమైన గ్లౌజులు కొంటానన్నాను.
నవ్వారు.
అగ్గువ జత మధ్యాహ్నానికే చిరుగుతుంది సార్,
మూడు వందల నలభై బైసాలది వారం ఆగుతుంది,
అని అరచేతులు బల్ల మీద పరిచాను.
నవ్వు ఆగింది.
ఉద్యోగం మాత్రం
ఇంకో పదకొండు నెలలకు గాని రాలేదు.

ఇప్పుడు బల్లకు ఇటువైపు నేను.
ఖర్జూరం డబ్బాలతో సప్లయర్లు వస్తారు.
డబ్బా వెనక్కి పంపి, కహ్వా మాత్రం పోసి మాట్లాడతాను.
పోర్టులో కంటైనర్ కూర్చుంటే
ఇంట్లో నా నిద్ర నిలబడుతుంది.

ఇవాళ సైటు నుంచి చీటీ:
గ్లౌజులు, నాలుగు వందల జతలు.
మూడు కొటేషన్లు.
నూట తొంభై ఎనిమిది బైసాల దాని చుట్టూ
ఫైనాన్స్ వాళ్లు అప్పుడే ఎర్రగా సున్న చుట్టారు.
శాంపిల్ తొడిగి చూశాను. మెత్తగానే ఉంది.
రెండోదీ మెత్తగానే ఉంది.
మూడోదీ అంతే.
తీసి అరచెయ్యి చూసుకున్నాను,
కాయలన్నీ ఎప్పుడు రాలిపోయాయో!

మెట్లు దిగి స్టోర్‌లోకి పోయాను.
కొత్త కుర్రాడు ధన్‌బహదూర్ ఇనుప చానెళ్లు దించుతున్నాడు.
"రోజుకో జత వేసుకో" అని మూడూ ఇచ్చాను.
"ఏది మంచిదో చెప్పాలా సార్?"
"ఏం చెప్పొద్దు. చేతులు చూపించు, చాలు."

పైకి వచ్చేసరికి ఫోన్ మోగుతోంది,
ఆర్డర్ ఇంకా ఎందుకు పోలేదని.
గురువారం అన్నాను.
వెనకాలే వచ్చి వాడు తలుపు దగ్గర నిలబడ్డాడు:
"చిరగని జత నేనే ఉంచుకోవచ్చా సార్?"

శాంపిల్ చీటీ మీద
వాపసు చెయ్యాలి అని అచ్చేసి ఉంది.
ఆ మాట కొట్టేసి
పక్కన సంతకం పెట్టాను.