తరుగు

పగలు రొయ్యల కాటా దగ్గర ఉంటాను,
టోర్నమెంటు రోజుల్లో రాత్రి
సఖినేటిపల్లి స్కూలు గ్రౌండులో స్కోరు రాస్తాను.
రెండు చోట్లా ఒకటే పెన్ను.

మొన్న ఫైనల్. ఐదో సెట్టు, పన్నెండు పదమూడు.
ఏలియా చేతుల్లోకి బంతి దూదిలా దిగింది,
వేళ్ళకి రెండుసార్లు తగిలింది.
విజిల్.
తర్వాతి బంతి మళ్ళీ దుర్గకే ఎత్తాడు.
అవతల ముగ్గురు గోడ కట్టి ఉన్నారని
కొబ్బరిచెట్టెక్కి చూస్తున్న కుర్రాళ్ళకీ తెలుసు.
పదిహేను.

తెల్లారాక రేవులో ఒకటే మాట:
"ఆడే ముంచేశాడు."
పంటు మీద, టీ కొట్లో, ఐసు లారీ దగ్గర
ఊరంతా ఏలియాని పళ్లెంలో వేసి తూస్తోంది.
రెండో పళ్లెంలో రాయి లేదు.

కాటా మనిషిని, ఊరుకోలేను.

మూడో సెట్టులో వాడు తల తిప్పకుండా
బంతిని వెనక్కి వదిలాడు, ఎడంచేతి పోతురాజుకి.
పాయింటొచ్చింది. ఈలలు.
కడలి మాస్టారు గీత దాకా వచ్చి
"చెప్పింది చెయ్యి. సొంత తెలివొద్దు" అన్నారు.
ఆ వెంటనే సర్వీసు నెట్టుకి కొట్టాడని
పోతురాజుని కూర్చోబెట్టారు, మళ్ళీ లేపలేదు.
ఏలియా ఇంక వెనక్కి వదల్లేదు.
వదలడానికి వెనక ఎవరున్నారు గనక?

మరి దుర్గకి ఎత్తిన ఆ చివరి బంతిని
ఎవరి పళ్లెంలో వెయ్యను?

రొయ్యకైతే లెక్కుంది.
నీళ్ళకింత, ఐసుకింత, తరుగు తీసి రాస్తాం.
ఏలియా ఉంగరపు వేలు నాలుగు రోజులుగా వాచి ఉంది,
దానికెంత తియ్యాలి?
పదకొండేళ్ళుగా నెట్టూ బంతులూ మాస్టారి జీతంలోవే,
ఏలియా మొదటి బూట్లూ ఆయన కొన్నవే,
దానికెంత?

ఇంకోటుంది, ఎవరికీ చెప్పలేదు.
స్కోరు కాగితంలో టైమవుట్ గళ్ళు రెండూ ఖాళీ.
పన్నెండు దగ్గర నాకు కనపడుతూనే ఉన్నాయి.
మాస్టారు ఓసారి నా వైపు చూశారు కూడా.
స్కోరు రాసేవాడు నోరు మెదపకూడదు.
ఆ రూలు వెనకాల కూర్చున్నాను.

ఇవాళ సాయంత్రం నెట్టు మడతపెడుతున్నారిద్దరూ,
ఈ కొస మాస్టారు, ఆ కొస వాడు.
మధ్యలో ముడి పడింది.
"వేలు చూపించు" అన్నారాయన.
వాడు రెండో చెయ్యి చాపాడు.

చీకటి పడుతోంది.
పెన్ను జేబులో పెట్టుకుని వెళ్ళి
ముడి మీదకి సెల్లు లైటు పట్టాను.