సోమవారం రొట్టె లేదు

కుతైసీలో, రియోనీ నది వంతెనకి ఇవతల,
మూడు మెట్లు దిగితే నా కొట్టు.
నేలలోకి దింపిన మట్టిపొయ్యి, చిన్న నుయ్యిలా.
పదకొండేళ్ళు రోజూ నడుం దాకా అందులోకి వంగి
గోడకి రొట్టెలు అంటించాను.
ముంజేతుల మీద వెంట్రుకలు
మొలవడం ఎప్పుడు మానేశాయో గుర్తులేదు.

పిండికి బాకీ, కట్టెలకి బాకీ,
అన్నిటికన్నా పాతది నిద్ర బాకీ.
తమ్ముడు బద్రీ పెళ్ళిలో
పాట మధ్యలో, గ్లాసు చేతిలో ఉండగానే
కూర్చునే నిద్రపోయానట.
ఫొటోలో అందరూ నవ్వుతున్నారు.
నేనొక్కదాన్నే తెల్లవారుజాము మూడున్నరలో ఉన్నాను.

ఆగస్టులో ఒకరోజు ఉప్పు వెయ్యడం మరిచాను.
నూట అరవై రొట్టెలు
చప్పగా ఊళ్ళోకి వెళ్ళిపోయాయి.
ఎవరూ ఏమీ అనలేదు.
చీకటి పడ్డాక ముసలి వలికో
సగం తిన్న రొట్టె కాగితంలో చుట్టి తెచ్చి
గల్లాపెట్టె మీద పెట్టాడు.
"రొట్టెదేముంది, త్సియాలా. నువ్వే బాగాలేవు."

ఏడుపు రాలేదు.
చిల్లర మూడుసార్లు లెక్కపెట్టాను,
మూడుసార్లూ వేరే మొత్తం.

ఆ ఆదివారం పొయ్యి ఆర్పేసి
సోమవారం వెలిగించలేదు.
అట్టముక్క మీద 'రొట్టె లేదు' అని రాసి
ఎందుకో కూడా రాయబోయి
ఏమీ తోచక చుక్క పెట్టేశాను.

లోపల చీకట్లో కూర్చున్నాను.
తలుపు తట్టినప్పుడల్లా
ఒక రొట్టె పోయిందని ఒక వేలు మడిచాను.
రెండు చేతులూ పిడికిళ్ళయ్యాక
ఇక మడవడానికి ఏమీ మిగల్లేదు.
మెల్లిగా తెరుచుకున్నాయి, వాటంతటవే.

మధ్యాహ్నం ఎక్కడిదో గోధుమరంగు పిల్లి
బూడిద తీసే కంతలోంచి దూరి
పొయ్యిలో ముడుచుకు పడుకుంది.
పొయ్యిలో పిల్లి లేవని కొంపని
లోకువగా అంటారే, అదే ఇది.
లేపబుద్ధి కాలేదు.
పొయ్యి గోడకి వీపు ఆనించి నేలమీదే ఒరిగాను.
మట్టిలో ఇంకా కాస్త వెచ్చదనం ఉంది,
ఎవరికీ అమ్మనిది.

లేచేసరికి మంగళవారం.
పిల్లి లేదు, బూడిదలో దాని గుండ్రటి గుంట ఉంది.
పిండిలో వేసేముందు
ఉప్పు చిటికెడు నాలుక మీద వేసుకున్నాను.
ఉప్పగా ఉంది.
ఆ మాట పైకే అన్నాను.

ఇది జరిగి రెండేళ్ళు.
బాకీలు తీరలేదు, తరిగాయి.
అట్టముక్క మేకుకి అలాగే వేలాడుతుంది.
వలికో ఆదివారమే రెండు కొంటాడు,
నిన్నటి రొట్టె నీళ్ళు చిలకరించి కాలిస్తే
ఇంకా రుచిగా ఉంటుందంటాడు.
అబద్ధం.
గట్టిపడిన రొట్టె గట్టిపడిన రొట్టే.