ఉప్పు తక్కువ

వేళచేరిలో వాన పడితే
మొదట మునిగేది మా వీధే.
ఆరింటికల్లా నీళ్లు స్కూటర్ల సీట్లు తాకాయి.
పక్కింటి నర్సు కయల్విళి
గిండీ వంతెన కింద ఆగిన బస్సులోంచి ఫోన్ చేసింది:
"పాప మీ దగ్గరే ఉండనివ్వండి సార్.
ఇవాళ పిజ్జా అని మాటిచ్చాను,
అడిగితే ఏదో ఒకటి చెప్పండి."

ఏదో ఒకటి చెప్పడం నాకు చేతకాదు.
ముప్పై ఏళ్లుగా రైల్వే లెక్కలు రాస్తున్నవాణ్ణి,
జమకీ ఖర్చుకీ మధ్య కథలు పట్టవు.

యాళినికి ఏడేళ్లు.
ఫోన్ చూపించాను, ఈ రాత్రి మన వీధికి ఎవరూ రారని.
"అయితే నువ్వే చెయ్యి తాతా" అంది
ముందుపళ్లు రెండూ లేని నోటితో.
యాభై ఆరుకే తాతనా? సరే.

అలమారా తెరిచాం.
కందిపప్పు, అటుకులు, పురుగు పట్టిన సేమ్యా.
వాటి వెనక టమాటా ప్యూరీ డబ్బా,
నిరుడు దీపావళికి ఆఫీసువాళ్లిచ్చింది,
ఏం చేసుకోవాలో తెలియక అక్కడే ఉంచాను.
చెంచాల సొరుగులో, రబ్బరు బ్యాండ్ల కింద,
ఒరెగానో పొట్లాలు.
పాప నేలమీద పరిచి లెక్కపెట్టింది. పదకొండు.
"ఇన్ని పిజ్జాలు తిన్నావా!"
"ఒక్కోదానికి రెండేసి ఇస్తారమ్మా."
"మరి పదకొండెలా వచ్చాయి?"

లెక్కలో దొరికిపోవడం
ఉద్యోగంలో కూడా ఎరగను.

ఆలివ్ నూనె లేదు, నువ్వుల నూనే పోశాను.
ఆరు వెల్లుల్లి రెబ్బలు అట్లకాడ వెనకతో చితక్కొట్టి వేస్తే
ఇంట్లో ఎవరో ఉన్నట్టు వాసన.
ప్యూరీ ఒంపగానే బుస్సుమని లేచి
నా తెల్ల బనియను మీద సంతకాలు చేసింది.
పులుపు విరగడానికి చెంచాడు చక్కెర,
అరచేతిలో నలిపిన చిటికెడు వాము.
పొట్లాలు పాప పక్కపళ్లతో చించింది,
సగం మూకుట్లో, సగం గట్టు మీద.

అప్పుడే కరెంటు పోయింది.
ఫోన్ లైటు పట్టుకుని తొంగి చూసి
"ఇది తక్కాళి తొక్కు కదా" అంది.
కాదు, సాసు అన్నాను గట్టిగా.
మా అమ్మమ్మ బతికుంటే
రామములక్కాయ పచ్చడి అనేదేమో అన్నాను.
"రాముడి ములక్కాయా?"
నవ్వీ నవ్వీ ఎక్కిళ్లు తెచ్చుకుంది.

పది నిమిషాలు పట్టింది, అంతే.
గరిట గీస్తే గీత నిలిచింది.
బ్రెడ్డు మీద పూసి, చీజు తురిమి,
దోసెల పెనం మీద మూతపెట్టాను.
మూడు తింది.
"బాగుంది తాతా, కానీ..." అని ఆవలించింది.
ఆ కానీ తర్వాతి మాట
నిద్రలోకి జారిపోయింది.

పన్నెండవుతుండగా కయల్విళి వచ్చింది,
మోకాళ్ల పైదాకా తడి, చెప్పులు చేతిలో.
చాప మీద పాపను చూసింది.
పొయ్యి మీది మూకుణ్ణి చూసింది.
"అన్నం ఉందా సార్?"

పొద్దుటి చల్లన్నం మూకుట్లోనే కుమ్మరించి,
అంచులకి అంటిన సాసు కూడా అన్నంతో తుడిచి,
కొవ్వొత్తి పక్కన నిలబడే తింది,
ఎర్రటి ముద్దలు, మాట లేకుండా.
ఇద్దరి ఆకలి ఒకరే తింటున్నట్టు.
చివరి ముద్ద దగ్గర ఆగింది.
"ఏమనుకోకండి సార్. ఉప్పు తక్కువ."

బీపీ వచ్చి నాలుగేళ్లు.
అప్పట్నుంచీ ఈ వంటింట్లో ఉప్పు సగమే.
తక్కువని చెప్పడానికి
ఇన్నాళ్లూ ఇక్కడ ఎవరు తిన్నారని.

పై అరలోంచి ఉప్పు డబ్బా దించాను.
మూత బిగుసుకుపోయింది.
తడిచేతులు చున్నీకి తుడుచుకుని
ఆవిడే తీసింది.