మూలల్లో ఏం పెడతాం

నిరుటి క్యాలెండరు వెనక
గన్‌సుఖ్ ఇల్లు గీస్తున్నాడు.
స్కేలు లేదు, బిస్కెట్ల డబ్బా మూతే స్కేలు.
ఎనిమిది మీటర్లు ఇటు, ఆరు అటు.
బొగ్గులారీ తోలే చెయ్యి
పెన్సిలునీ గేరురాడ్డులాగే పట్టుకుంటుంది.

నాలుగు గీతలు కలిశాక ఆగిపోయాడు.
"మూలల్లో ఏం పెడతాం?"

నిజమే. పుట్టింది గుండ్రటి గుడారంలో.
ఉలాన్‌బాతర్ అంచున ఈ కొండవాలుకి తెచ్చుకున్నదీ దాన్నే,
వెదురు తడకలా గోడలు ముడిచి
ఉన్ని దుప్పట్లు చుట్టచుట్టి.
చిన్నప్పుడు నన్ను మూలన నిలబెట్టాలంటే
బడి దాకా పంపాల్సి వచ్చింది.

అత్తగారు మంచం మీంచే అంది:
"తలుపు దక్షిణానికి."
దక్షిణాన పక్కవాళ్ల చెక్కకంచె,
దానికి ఆనుకునే వాళ్ల మరుగుదొడ్డి.
"ఉంటే ఉండనీ. తలుపు దక్షిణానికే."
గన్‌సుఖ్ చెరిపాడు,
రబ్బరు పొట్టు ఊదాడు, మళ్లీ గీశాడు.

పొయ్యి నడుమ ఉండాలన్నాను నేను.
నడుమ గోడ వస్తుందన్నాడు.
అయితే గోడలోనే పెట్టు,
రెండు గదులూ
దాని వీపుకి వీపు ఆనించి చలి కాచుకుంటాయి.
ఈ మాట నచ్చింది అతనికి.
పొయ్యిని అవసరం కన్నా నల్లగా దిద్దాడు.

అప్పుడు త్సెల్మెగ్ వచ్చి
తండ్రి వేళ్ల మధ్య నుంచి పెన్సిలు లాక్కుంది.
ఈశాన్యాన చిన్న గది.
గదికో తలుపు.
తలుపుకి, ఆవగింజంత, తాళంచెవి రంధ్రం.
ఏమీ అనలేదు. పదమూడేళ్లు దానికి.

"మేం చూడకూడనిది నీకేముంది?" అన్నాడు గన్‌సుఖ్
కోపంగా కాదు, నిజంగానే తెలియక.

నాకు తెలుసు.
పెళ్లయిన పదిహేనేళ్లూ
పొయ్యి ఆరాక గుసగుసల్లోనే పోట్లాడుకున్నాం.
అత్తగారు నిద్ర నటిస్తూ పెట్టే గురకకీ
అసలు గురకకీ తేడా నాకు కంఠతా వచ్చు.
ఏడుపొస్తే నీళ్ల క్యాను తోపుడుబండి మీద పెట్టుకుని
కిందున్న నీళ్లకొట్టు దాకా వెళ్లేదాన్ని.
కొన్నిసార్లు నిండు క్యానుతోనే.
తిరిగొచ్చాక, కళ్లు ఎర్రబడింది చలికి అని చెప్పేదాన్ని.
ఎవరూ అడక్కపోయినా.

"తలుపు ఉండనీ" అన్నాను,
గుడారం పైకప్పు తాకేంత గట్టిగా.
మంచం మీద గురక ఆగింది.

తర్వాత ఇటుకల లెక్క.
వేలూ వందలూ క్యాలెండరు పక్కంట నిలువునా దిగాయి,
సిమెంటు ధర రెండుసార్లు కొట్టేసి రాశాం.
ఒక మీటరు తగ్గాలి.
ఎవరి గదిలోంచి అని ఎవరూ అడగలేదు.
గన్‌సుఖ్ మా గది గోడని ఇవతలికి జరిపి
"మంచం పడుతుందిలే" అన్నాడు,
నా వైపు చూడకుండా.

ఆదివారం పెరట్లో
పొయ్యిలో బూడిద తెచ్చి ముగ్గు పోశాడు.
గడ్డకట్టిన నేల మీద మా ఇల్లు
జానెడు ఎత్తు కూడా లేకుండా లేచింది.
పిల్లాడు వంటగదిలోంచి పడకగదిలోకి
గోడలు దూసుకుంటూ పరిగెత్తాడు.
త్సెల్మెగ్ తన గదిలో నిలబడి
గాలిని దగ్గరికి లాగి
మూసింది.

రాత్రి మంచు పడింది.
తెల్లారేసరికి ఇల్లు లేదు.
కుక్క పడుకుని లేచిన చోట మాత్రం
గుండ్రటి నల్లమచ్చ.

అత్తగారు చేతికర్రతో బయటికొచ్చింది.
పెరడంతా చుట్టి దక్షిణం వైపుకి వెళ్లి,
కంచె పక్కన ఒక్క క్షణం ఆగి,
లేని గడపని తొక్కకుండా
కాలు పైకెత్తి
లోపలికొచ్చింది.