నలభై తొమ్మిది మెట్లు

పాత పోస్టాఫీసు వెనక సందులో
ఓడల సరుకమ్మే అడివప్పడి దగ్గర
నూట డెబ్బైకి బేరమాడి కొన్నాను.
బ్యాటరీ మూత లేదు.
వెనకవైపు ఎవరో నావికుడు
మేకుతో గీసుకున్న పేరు సగమే ఉంది.
మీట నొక్కితే అంకెలు
దానిమ్మ గింజల్లా వెలిగేవి.

నేను షిప్‌యార్డు డ్రాయింగ్ ఆఫీసులో ట్రేసర్ని.
ఉక్కు పలకలు కోసే యంత్రం
కాగితపు పట్టీ మీద చిల్లులు చదివేది.
వరసకి ఏడు చోట్లు.
చిల్లుంటే ఒకటి, లేకుంటే సున్న.
తడిగాలికి పట్టీ చిరిగిన రోజు
పోయిన అంకెకి చిల్లులెన్నని
నా బల్ల దగ్గరికే వచ్చేవాడు ఫోర్‌మన్ దాలినాయుడు.

కాగితం మీద తేలికే.
రెండుతో భాగించు, శేషం పక్కన పెట్టు,
శేషాలన్నీ కింది నుంచి పైకి చదువు.
కాలిక్యులేటర్‌కి కిందా పైనా తెలీవు.
ప్రతి శేషాన్నీ తగిన పదితో హెచ్చించి అతకాలి.
ఆ పదుల్ని దాచడానికో అర,
మొత్తాన్ని దాచడానికో అర,
సున్న అయిందా అని అడగడం,
కాకపోతే మళ్ళీ మొదటికి పొమ్మనడం...
యాభై రెండు మెట్లొచ్చాయి నాకు.
దానికి పట్టేవి నలభై తొమ్మిదే.

మూడు మెట్లు.
సింహాచలం కొండైతే
కూచుని ఆయాసం తీర్చుకుని ఎక్కొచ్చు.
ఇది యాభయ్యోది నొక్కగానే
ఏమీ ఎరగనట్టు
మొదటి మెట్టు చెరిపి దాని మీద రాసేసేది.

ఆషాఢమంతా ఆ మూడే.
గాజువాక బస్సులో,
వన్‌టౌన్ డాబా మీద ఆరేసిన చీర నుంచి
పోర్టు ఎర్ర దుమ్ము దులుపుతూ.

పూర్ణా మార్కెట్లో చోళ్ళమ్మే బంగారమ్మ ముందు
కుంచం, అడ్డ, మానిక, తవ్వ,
సోల, అరసోల, గిద్ద.
ప్రతిదీ ముందుదానిలో సగం.
ఎవరిదో సంచీ అడుగున మిగిలింది కొలుస్తోంది.
గిద్దతో మొదలెట్టకూడదా అన్నాను, ఊరికే.

"ఏటమ్మా, గిద్దట్టుకుని కూకుంటే తెల్లారిపోద్ది.
పెద్దదాంతో ముట్టాల.
నిండిందా, ఒకటి.
నిండనేదా, ఒగ్గేసి
దాని తమ్ముడికి పొయ్యాల."

కుంచం నిండలేదు. అడ్డ నిండింది.
మానిక లేదు. తవ్వ నిండింది.
సోల లేదు.
అరసోల, గిద్ద, రెండూ నిండాయి.
నలభై మూడు గిద్దలు.
కూరల సంచీ అక్కడే వదిలేసి ఇంటికొచ్చాను.

ముందే అరవై నాలుగుతో భాగించడం, ఒక్కసారే.
చుక్కకి ఎడమనున్నది అంకె,
కుడినున్నది మిగులు.
మిగులుని రెట్టించు, మళ్ళీ ఎడమకి చూడు.
పెద్దది ముందూ చిన్నది వెనకా
అంకెలు వాటంతటవే వరసకొచ్చాయి.
పదులు దాచే అర ఖాళీ.
నలభై ఏడు మెట్లు!
మిగిలిన రెంటితో ఏం చెయ్యాలో తోచక
అలాగే ఉంచేశాను.

స్విచ్చాపితే అన్నీ మరిచిపోయేది.
రోజూ పొద్దున్న పాలు పొంగేలోగా
నలభై ఏడూ మళ్ళీ చెప్పేదాన్ని.
జపమా, అని నవ్వేది పక్కింటి నూకరత్నం.

ఇప్పుడు చిల్లుల పట్టీ లేదు, దాలినాయుడూ లేడు.
బంగారమ్మ కూచున్న చోట ఫోను కవర్లు.
మీటల సందుల్లో ఎర్ర దుమ్ము మాత్రం ఉంది.
ఉప్పుగాలికి ప్రతి అంకెకీ
నడుం గీత ఆరిపోయింది.
ఎనిమిది వేస్తే సున్న కనిపిస్తుంది.
నాలుగేమో కాలిరిగిన కుర్చీ.
అల్లిపురం రిపేరు కుర్రాడు
తిప్పి చూసి, పారెయ్యండి మేడమ్, అన్నాడు.

ఇంటికొచ్చి నలభై ఏడూ నొక్కాను.
వేళ్ళకింకా తెలుసు.
తర్వాత నలభై మూడు:
తెర మీద ఏవో పిచ్చి గీతలు.

ఒకటికి నడుం గీత అక్కర్లేదు.
సున్నకీ అక్కర్లేదు.
కాసేపు మిణుకుమని నసిగి
ఎర్రగా, ఒక్క పొల్లు పోకుండా,
ఒకటి సున్న ఒకటి
సున్న ఒకటి ఒకటి
అంది.