ఆరేదాకా

బయట సున్నాకి ఇరవై రెండు కింద.
కెమియార్వి సరస్సు గడ్డకట్టి రోడ్డయింది.
మా గరాజులో పద్దెనిమిది,
అదీ గోడకున్న థర్మామీటరు మాట.
తౌనో దాన్ని నమ్మడు.
"వేడెక్కింది గాలి. రేకు కాదు," అంటాడు.
చేతొడుగు విప్పి బానెట్ మీద అరచేయి ఆనించి
జ్వరం చూసేవాడిలా కళ్లు మూసుకుంటాడు.
ఇంకా లేదు. ఇంకో గంట.

సాబ్ కారు. మా పెళ్లి కంటే రెండేళ్లు పెద్దది.
ఈ ఊరి రోడ్లు చలికాలమంతా ఉప్పు తింటాయి,
విశ్వాసం మాత్రం చూపించవు.
చక్రాల పైఅంచులు కొరుక్కుతిన్నది ఆ ఉప్పే.
గరుకు కాగితంతో రుద్దుతూ పోతే
పైన ఆకుపచ్చ, దాని కింద బూడిద,
బూడిద కింద
మేమెన్నడూ చూడని నీలం.
"ఇదా నీ అసలు రంగు," అన్నాడు,
ఎవరి డైరీయో పొరపాటున తెరిచినవాడిలా
గొంతు తగ్గించి.

రొవానియెమి నుంచి అదే నీలం తెప్పించాం.
డబ్బాలు వంటింటి సింకులో, గోరువెచ్చటి నీళ్లలో.
నీళ్ల వేడి నేనే మోచేత్తో చూశాను,
చంటిపిల్లలకి పోసేముందు చూసినట్టు.
నా హెయిర్ డ్రయ్యర్ మూడు రోజులుగా అతని దగ్గరే.
నా పాత మేజోళ్లు రంగు వడకట్టడానికి.
అన్నిటికన్నా ఘోరం, సౌనా బంద్.
గరాజుకీ సౌనాకీ మధ్య ఒక్కటే గోడ,
ఆవిరి పగుళ్లలోంచి వచ్చి రేకుకి చెమట పట్టిస్తుందట.
శనివారం మా పొగగొట్టం ఊరుకుంటే
పక్కింటి ఐలా ఫోన్ చేసింది:
"ఎవరికి ఒంట్లో బాగాలేదు?"

నేల తడిపాడు, దుమ్ము లేవకుండా.
హీటర్ ఆపేశాడు.
రంగు ఆవిరీ నిప్పూ ఒక గదిలో కాపురం చేయవు.
ఇక వేడి వెళ్లిపోతుండగానే
పని ముగించాలి.
తలుపు అద్దంలోంచి చూశాను:
పల్చగా ఒక పూత. ఆగి, మళ్లీ పల్చగా.
ఆశపడి ఒక్కచోట నిలిస్తే చార దిగుతుంది,
ఈ చలిలో అది ఆగదు, ఆరదు.
నలభై ఏళ్లు ఉత్తరాలు పంచిన చేయి
ఏ గేటు ముందూ నిలవకుండా
ఏ గేటునీ వదలకుండా
ఎడమ నుంచి కుడికి సాగిపోతోంది.

ఇక నేను చేసిన పని చెప్పాలి.
కాఫీ పట్టుకుని పెరడు దాటి వెళ్లాను.
తలుపు జానెడు తీశాను. అంతే.
తెల్లటి గాలి పిల్లిలా నా కాళ్ల మధ్య నుంచి దూరి
తిన్నగా వెళ్లి బానెట్ మీద పడుకుంది.
తడి నీలం మీద
పాలు ఒలికినట్టు తెలుపు.

తౌనో గన్ దించాడు.
నా వైపు చూడలేదు. ఆ తెలుపునే చూశాడు.
చాలాసేపు.
మా వాళ్ల చాలాసేపు నిజంగానే చాలాసేపు.
నేను నోరు తెరిచేలోగా
మాస్కు నుదుటి మీదికి తోసి
"కాఫీ చల్లారుతుంది," అన్నాడు.
బయట మంచులో నిలబడి తాగాం.
"రుద్దితే పోతుందా?"
"కొంత."
"మిగతాది?"
"ఆరాక చూద్దాం."

మూడో రాత్రి సౌనా రాజేశాం.
రాళ్ల మీద నీళ్లు చుయ్యిమన్నాక
పైబల్ల మీద పక్కపక్కన కూర్చుంటే
అప్పుడు కనిపించింది, అతని మోచేతి వెనక
బఠాణీ గింజంత నీలం.
సబ్బుకి పోలేదు. బర్చి రెమ్మలతో కొట్టినా పోలేదు.
చార లేదు, బుడగ లేదు, తెలుపు లేదు.
"ఇదొక్కటీ బాగా కుదిరింది," అన్నాను.
మెడ తిప్పాడు, భుజం తిప్పాడు.
ఎవరి మోచేయి వాళ్లకి కనబడి చస్తుందా!
నేను వేలు చాపాను.
"ముట్టుకోకు," అన్నాడు,
"ఇంకా ఆరలేదేమో."